లిల్లీలకి నీడ ఎంత, ఎప్పుడు, ఎటు నుంచి: గోదారి డెల్టాలో పెంచేవాళ్ల కోసం పూర్తి గైడ్

"కడియం నర్సరీ నుంచి లిల్లీ దుంపలు తెచ్చి పెట్టామండి, మొక్క బారెడు పెరిగింది, మొగ్గలు కూడా వేసింది, తీరా విచ్చుకునే ముందు పసుపెక్కి రాలిపోయాయి" అని ఒకరు, "ఆకులన్నీ అంచులు మాడిపోయి కాయితంలా అయిపోయాయి" అని ఇంకొకరు. రెండూ ఒకే ఊరి నుంచి, ఒకే నెలలో వచ్చే ప్రశ్నలే. మొదటాయన నీడ ఎక్కువ పెట్టారు, రెండో ఆవిడ తక్కువ పెట్టారు, అంతే తేడా. అసలు తిప్పలేంటంటే చాలామంది ఒక గ్రీన్ నెట్ కట్టేసి ఇంక దాని జోలికెళ్లరు. లిల్లీకి నాటిన రోజు కావాల్సిన నీడ వేరు, మొగ్గ కనపడిన రోజు కావాల్సిన నీడ వేరు, కాబట్టి నీడని జరపడం నేర్చుకోవాలి. ఇదంతా దాని గురించే.

1. మీ దగ్గరున్నది ఏ లిల్లీ?

ముందు ఇది తేల్చుకోకపోతే కింద రాసిందంతా వృథా, ఎందుకంటే మన దగ్గర లిల్లీ అని పిలిచేవాటిల్లో సగానికి సగం అసలు ఒక కుటుంబం కూడా కాదు.

- కడియపులంక పూల మార్కెట్లో కేజీల్లెక్క అమ్మే తెల్ల లిల్లీ పూలు (నేల సంపెంగ): పూర్తి ఎండ పంట. దీనికి నీడ అక్కర్లేదు, పెడితే పూలకాడలు తగ్గిపోతాయి.
- రెయిన్ లిల్లీ: ఎండ కావాలి. నీడలో పచ్చగా గడ్డిలా ఒత్తుగా పెరుగుతుంది గానీ పువ్వు రాదు.
- అమరిల్లిస్ లిల్లీ: పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ.
- స్పైడర్ లిల్లీ: ఎక్కడ పడేసినా బతుకుతుంది, ఎండ తగిలితే పూలు ఎక్కువ.
- ఫుట్‌బాల్ లిల్లీ: పల్చటి చెట్టు నీడ చాలు, మే, జూన్ ప్రాంతంలో ఎర్ర బంతిలా పూస్తుంది.
- యూకారిస్ లిల్లీ: ఇదొక్కటే నిజంగా నీడ మొక్క. 75 శాతం నెట్ కింద కూడా హాయిగా ఉంటుంది.
- అగ్నిశిఖ: వేరు చల్లగా, తల ఎండలో ఉండాలి, పాకడానికి కర్ర కావాలి. దుంప విషం, పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త.
- ఏషియాటిక్, ఓరియంటల్, ఎల్.ఏ. హైబ్రిడ్ లిల్లీలు: బొకేల్లో కనపడే పెద్ద పూలవి, దుంపలు ఎక్కువగా హాలండ్ నుంచి వస్తాయి.

ఈ గైడ్ ఆఖరి రకం కోసం. మిగతావాటికి పైన రాసిన ముక్క చాలు. ఈ ఆఖరి రకం చలిదేశం మొక్క, మన డెల్టాలో దీనికి దొరికే సీజన్ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, మహా అయితే మార్చి మొదటి వారం. ఏప్రిల్‌లో దుంపలు చవగ్గా ఇస్తున్నారని కొనకండి, ఏ నీడా దాన్ని కాపాడలేదు.

2. నీడ వల్ల ఆకులో ఏం మారుతుంది

సైన్సు ఇష్టం లేనివాళ్లు దీన్ని దాటేయొచ్చు, కానీ ఇది తెలిస్తే మిగతావన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, మీకే తట్టేస్తాయి.

ఆకు మీద పడే వెలుతురు పెరిగేకొద్దీ కిరణజన్య సంయోగక్రియ పెరుగుతుంది, అయితే ఒక హద్దు దాకానే. లిల్లీ ఆకుకి ఆ హద్దు మన మిట్టమధ్యాహ్నపు ఎండలో సుమారు సగం దగ్గరే వచ్చేస్తుంది. ఆ పైన పడేదంతా ఆకు వాడుకోలేదు, అది వేడిగా మారుతుంది. ఆకు వేడెక్కి, గాలి పొడిగా ఉంటే నీరు పోకుండా ఆకు తన రంధ్రాలు మూసేసుకుంటుంది, రంధ్రాలు మూస్తే కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు, అది రాకపోతే చక్కెర తయారవ్వదు. అంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఫుల్ ఎండలో ఉన్న లిల్లీ చూడ్డానికి వెలుగులో ఉంటుంది గానీ వంట మాత్రం ఆగిపోయి ఉంటుంది. పైగా ఆ ఎక్కువ వెలుగు రోజూ పడుతుంటే పత్రహరితం దెబ్బతిని ఆకు పాలిపోతుంది.

పొద్దున్న ఎనిమిది నుంచి పదిన్నర దాకా సంగతి వేరు. ఆకు చల్లగా ఉంటుంది, రంధ్రాలు తెరిచి ఉంటాయి, గాల్లో తేమ ఉంటుంది. రోజు సంపాదనలో పెద్ద భాగం అప్పుడే జరుగుతుంది. పొద్దుటి ఎండ వదులుకోకండి, మధ్యాహ్నం ఎండ తగలనివ్వకండి. ఈ గైడ్‌లో ఒక్క వాక్యమే గుర్తుంటుంది అనుకుంటే అది ఇదే అవ్వాలి.

ఇప్పుడు నీడ ఎక్కువైతే? మొక్క ముందు సర్దుకుంటుంది. ఆకు పల్చగా, వెడల్పుగా, ముదురాకుపచ్చగా మారుతుంది, ఉన్న కాస్త వెలుగుని పట్టుకోడానికి. చాలామంది ఆ ముదురు రంగు చూసి "మొక్క భలే ఉంది" అనుకుంటారు. కాండం కణుపుల మధ్య దూరం పెరిగి వెలుగు వైపు సాగుతుంది, సాగిన కాండం సన్నగా ఉంటుంది. ఇంకా వెలుగు తగ్గితే రోజంతా చేసిన చక్కెర మొక్క శ్వాసకే సరిపోతుంది, మొగ్గలకి మిగలదు. అప్పుడు మొక్క ముందుగా వదులుకునేది మొగ్గల్నే. పైగా మన రాత్రుళ్లు చలిదేశంలోలా చల్లగా ఉండవు, రాత్రి వేడిగా ఉంటే శ్వాసకి ఖర్చయ్యే చక్కెర కూడా ఎక్కువే. అందుకే ఊటీలో నడిచే నీడ శాతం రావులపాలెంలో నడవకపోవచ్చు.

3. మీ చోటులో వెలుతురు కొలవడం

నెట్ కొనేముందే ఇది చెయ్యాలి. ఖర్చు లేదు, ఒక ఆదివారం చాలు.

ఫోన్‌లో ఏదైనా లక్స్ మీటర్ (వెలుతురు కొలిచే) యాప్ వేసుకోండి. ఆ అంకెలు పక్కా కరెక్ట్ కావు, ఫోన్‌కీ ఫోన్‌కీ తేడా ఉంటుంది, అయినా మనకి కావాల్సింది అసలు అంకె కాదు, నిష్పత్తి. మధ్యాహ్నం పన్నెండింటికి మేఘం లేనప్పుడు బయట ఆరుబయట ఒకసారి, కుండీ పెట్టబోయే చోట ఆకు ఎత్తులో ఒకసారి, ఫోన్ ఆకాశం వైపు వెల్లకిలా పెట్టి చూడండి. బయట లక్ష వచ్చి లోపల 45 వేలు వస్తే మీకు మిగిలింది 45 శాతం. కొన్ని ఫోన్లు ఫుల్ ఎండలో ఒక అంకె దగ్గర ఇరుక్కుపోతాయి, అలాంటప్పుడు సెన్సార్ మీద తెల్లకాగితం ముక్క పెట్టి రెండు చోట్లా అదే కాగితంతో చూడండి.

ఇదే పని పొద్దున్న తొమ్మిదింటికి, మధ్యాహ్నం మూడింటికి కూడా చేసి రాసుకోండి.

ఫోన్ వద్దనుకుంటే తెల్లకాగితం కింద పెట్టి అడుగు ఎత్తులో చెయ్యి చాపండి. నీడ అంచులు కత్తిరించినట్టు కనపడితే వెలుగు చాలా ఎక్కువ. చెయ్యి అని తెలుస్తూ అంచులు మసగ్గా ఉంటే లిల్లీకి బాగుంటుంది. అసలు నీడే పడకపోతే అక్కడ యూకారిస్ పెట్టుకోండి, లిల్లీ వద్దు.

ఎక్కువమంది తప్పు చేసేది లెక్కలో. నీడలు ఒకదాని మీద ఒకటి పడితే శాతాలు కూడకూడదు, మిగిలిన వెలుగుని గుణించాలి. కొబ్బరి చెట్లు దాటి 60 శాతం వెలుగు వస్తోంది, దాని కింద 50 శాతం నెట్ వేశారు, అంటే మిగిలింది 30 శాతం. ఇంటి గోడ, సన్‌షేడ్ వల్ల అందులో సగం పోతే 15 శాతం. ఇంక నెట్ మీద రోడ్డు దుమ్ము, నాచు. మీరేమో "50 శాతం నెట్టే కదండీ వేశాను" అంటారు. కోనసీమ పెరళ్లలో మొగ్గలు రాలడానికి నాకు ఎక్కువగా కనపడే కారణం ఇదే, నెట్ తీసేస్తే సరిపోయే చోట నెట్ వేస్తున్నారు.

చెట్టు నీడతో ఇంకో చిక్కు కూడా ఉంది. నెట్ అన్ని రంగుల వెలుగునీ దాదాపు సమానంగా తగ్గిస్తుంది. చెట్టు ఆకులు అలా కాదు, ఎరుపు వెలుగుని తాగేసి, దాని పక్కనే ఉండే కంటికి అందని దూర ఎరుపుని కిందకి వదిలేస్తాయి. లిల్లీ దాన్ని పసిగట్టి "నా నెత్తిన ఎవరో ఉన్నారు" అని తెలుసుకుని ఇంకా సాగుతుంది. అందుకే ఒకే లక్స్ అంకె ఉన్నా మామిడి చెట్టు కింద మొక్క నెట్ కింద మొక్క కంటే సన్నగా, పొడుగ్గా వస్తుంది. ఛాయిస్ ఉంటే ఆరుబయట పెట్టి నెట్ వేసుకోవడమే మేలు.

4. నెట్ ఎంచుకోవడం, కట్టడం

షాపుల్లో 35, 50, 75, 90 శాతం నెట్లు దొరుకుతాయి. ఆ శాతం ఆపే వెలుతురుది, వదిలేదానిది కాదు. లిల్లీకి 50 శాతం నెట్ ఒకటి, 35 శాతం ఒకటి ఉంటే మొత్తం సీజన్ నడిచిపోతుంది. ఒక్కటే కొనగలిగితే 50 కొనండి, కాకపోతే తీసి వేసేలా కట్టుకోవాలి. 75, 90 నెట్లు ఆకుమొక్కలకి, కోత పూలు ఆరబెట్టుకోడానికి, కారు మీద వేసుకోడానికి బాగుంటాయి.

రంగు గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకండి. నలుపు, ఆకుపచ్చ రెండూ నడుస్తాయి. నలుపు నెట్ తనే వేడెక్కుతుంది కాబట్టి మొక్కకి దగ్గరగా వద్దు. తెల్ల నెట్ వెలుగుని చెదరగొట్టి కింది ఆకులకి కూడా అందిస్తుంది, దొరికితే అదే తీసుకోండి.

ఇంక అసలు విషయం, నెట్ ఎక్కడ కట్టాలి. శీతాకాలంలో సూర్యుడు మన నెత్తి మీదకి రాడు, దక్షిణానికి వాలి ఉంటాడు. రాజమండ్రి దగ్గర డిసెంబర్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడి ఎత్తు సుమారు 50 డిగ్రీలే. అంటే పది అడుగుల ఎత్తులో నెట్ కడితే పన్నెండింటికి దాని నీడ సరిగ్గా కింద పడదు, ఉత్తరానికి ఎనిమిది అడుగులు జరిగి పడుతుంది. మూడింటికైతే ఈశాన్యానికి ఇంకా చాలా దూరం పోతుంది. డాబా మీద పదడుగుల చదరం నెట్ కట్టి సరిగ్గా దాని కింద కుండీలు పెట్టినవాళ్లు చూడండి, మధ్యాహ్నం మూడింటికి కుండీలన్నీ ఎండలో, నీడేమో పక్కింటాయన వాటర్ ట్యాంక్ మీద ఉంటుంది. (మనకి గడియారం పన్నెండు, సూర్యుడి పన్నెండు దాదాపు ఒకటే, దేశం టైమ్ లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర్నుంచే పోతుంది కాబట్టి. ఆ రకంగా మనకి లెక్క ఈజీ.)

కట్టే పద్ధతి:

- నాలుగు సరుగుడు బాదులు లేదా జీఐ పైపులు, ఎత్తు 7 నుంచి 8 అడుగులు. పెద్ద షెడ్ అయితే 10, 12 అడుగులు వేసుకోవచ్చు, చిన్నదానికి అంత ఎత్తు పెడితే నీడ పక్కకి పోతుంది.
- పైన నెట్ దక్షిణం వైపు కుండీల వరస దాటి కనీసం 5, 6 అడుగులు ముందుకి రావాలి.
- పడమర, నైరుతి వైపు కర్టెన్‌లా కిందకి వేలాడే నెట్. ఇది లేకపోతే పైన ఎంత కట్టినా దండగ.
- తూర్పు ఖాళీ. అటు ఏదీ కట్టొద్దు, పొద్దుటి ఎండ రావాలి.
- పై నెట్ కర్టెన్ రింగులతో తీగ మీద జరిగేలా ఉండాలి. మేకులు కొట్టేస్తే మీరింక దాన్ని జరపరు, నాకు తెలుసు.
- నెట్‌కీ మొక్క కొసకీ మధ్య కనీసం 3 అడుగులు గాలి ఆడాలి.
- నెలకోసారి పైపుతో నెట్ కడగడం.

అపార్ట్‌మెంట్ బాల్కనీ వాళ్లకి: తూర్పు బాల్కనీ అయితే నెట్ అవసరమే లేదు, దేవుడిచ్చిన చోటు. దక్షిణం అయితే పదకొండు తర్వాత 50 నెట్ కర్టెన్. పడమర అయితే పొద్దున్న వెలుగు రాదు, సాయంత్రం మాడ్చేస్తుంది, అక్కడ లిల్లీ కష్టమే. ఉత్తరం వద్దు. బాల్కనీలో వెలుగు ఒక పక్క నుంచే వస్తుంది కాబట్టి రెండు మూడు రోజులకోసారి కుండీని పావు చుట్టు తిప్పుతూ ఉండాలి.

5. దుంప, మట్టి, కుండీ: నీడ అంటే ఆకుకే కాదు

లిల్లీకి ఆకు కంటే ముందు వేరు చల్లగా ఉండాలి. నల్ల ప్లాస్టిక్ కుండీ డాబా మీద పెడితే, పైన నెట్ ఉన్నా సరే, కుండీ పక్కన తగిలే ఎండకి మట్టి కాలిపోతుంది. వేరు వేడెక్కితే కాండం పొట్టిగా ఆగిపోతుంది, మొగ్గల సంఖ్య తగ్గుతుంది, మీరేమో ఎరువు తక్కువైందనుకుని ఇంకో చెంచా వేస్తారు.

చేయాల్సింది ఇదీ. మట్టి కుండీ లేదా తెల్ల సున్నం పూసిన కుండీ, లోతు కనీసం 10 అంగుళాలు. కుండీ చుట్టూ కొబ్బరి డొక్కలు పేర్చండి, మన దగ్గర వాటికేం కరువు లేదు కదా, లేదంటే పెద్ద కుండీలో చిన్న కుండీ పెట్టి మధ్యలో తడి కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నింపండి. నేల గచ్చుకి తగలకుండా కింద రెండు ఇటుకలు.

మట్టి మిశ్రమంలో మన ఒండ్రు బంకమట్టి ఒక పాలు మించకూడదు. గోదారి ఇసుక ఒక పాలు, కడిగిన కోకోపీట్ ఒక పాలు, వర్మీ కంపోస్ట్ అర పాలు. కోకోపీట్ రెండు మూడు సార్లు నీళ్లలో నానబెట్టి పిండాలి, ఉప్పుంటే లిల్లీ ఓర్చుకోదు. సముద్రం వైపు ఊళ్లలో, చెరువుల మధ్య ఉన్న ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కాలవ నీళ్లో వాన నీళ్లో వాడండి.

దుంప గట్టిగా, బరువుగా, వేళ్లతో ఉండాలి. మొలక అప్పటికే అరచెయ్యంత సాగిపోయి ఉంటే తీసుకోవద్దు, అది చీకట్లో దుంపలో తిండి తినేసింది. నాటే లోతు 4 నుంచి 6 అంగుళాల మట్టి దుంప మీద ఉండేలా. ఇంత లోతు ఎందుకంటే ఈ లిల్లీలకి దుంప కింద వేర్లతో పాటు దుంప పైన కాండం నుంచి కూడా వేర్లొస్తాయి, మొక్కని తర్వాత పోషించేది అవే. చామంతి దుబ్బులా పైపైన పెడితే ఆ వేర్లు రావు.

6. దశని బట్టి నీడ

కింద ఇచ్చిన శాతాలు మొక్కకి అందాల్సిన వెలుగువి, నెట్ మీద రాసి ఉండే శాతం కాదు. నేను పెట్టుకునే గుర్తులు ఇవి, మీ చోటుని బట్టి కాస్త అటూ ఇటూ చేసుకోండి.

6.1 నాటిన రోజు నుంచి మొలక నాలుగు అంగుళాలు వచ్చేదాకా (సుమారు రెండు, మూడు వారాలు). వెలుగు 10 నుంచి 20 శాతం చాలు. ఈ టైమ్‌లో మొక్క దుంపలో దాచుకున్న తిండితోనే పెరుగుతుంది, ఆకుతో కాదు. కావాల్సింది చల్లదనం. వసారాలో, చెట్టు కింద, ఎక్కడైనా పెట్టొచ్చు. ఎరువు వద్దు. నీళ్లు తడిగా ఉండేంత మాత్రమే, నీడలో ఉన్న కుండీ త్వరగా ఆరదు, రోజూ పోస్తే దుంప కుళ్లుతుంది.

6.2 ఆకులు విచ్చుకునే దశ. ఇక్కడే చాలామంది మర్చిపోతారు, కుండీ ఇంకా వసారాలోనే ఉంటుంది. మొలక నాలుగంగుళాలు దాటాక బయటకి తేవాలి, ఒక్కసారిగా కాదు. మొదటి రెండు మూడు రోజులు పొద్దున్న తొమ్మిది దాకా ఎండ, తర్వాత పది దాకా, వారం పోయాక పదకొండు దాకా. నీడలో పుట్టిన ఆకు పల్చగా ఉంటుంది, దాన్ని తెచ్చి నేరుగా ఎండలో పెడితే ఒక్క మధ్యాహ్నంలో తెల్ల మచ్చలు పడతాయి, ఆ మచ్చలు మళ్లీ పచ్చగా అవ్వవు.

6.3 పెరిగే దశ. పదకొండు దాకా నేరుగా ఎండ, ఆ తర్వాత నెట్ జరిపి 40 నుంచి 50 శాతం వెలుగు, నాలుగు తర్వాత మళ్లీ తీసేయొచ్చు. ఉద్యోగాలకి వెళ్లేవాళ్లు రోజూ జరపలేరు కదా, వాళ్లు తూర్పు తెరిచి, పైన 50 నెట్ పర్మనెంట్‌గా ఉంచితే సరిపోతుంది, ఆరుబయట ఉంటే ఇబ్బంది లేదు. కాల్షియం నైట్రేట్ లీటరుకి ఒకటి నుంచి రెండు గ్రాములు, పది రోజులకోసారి. నత్రజని ఎక్కువున్న ఎరువులు తగ్గించండి, నీడలో ఉన్న మొక్కకి అవి వేస్తే కాండం ఇంకా మెత్తగా సాగిపోతుంది.

6.4 మొగ్గలు కనపడిన దగ్గర్నుంచి రంగు తిరిగేదాకా. మొత్తం సీజన్‌లో వెలుగు అతి ముఖ్యమైన రోజులు ఇవి. మొగ్గ సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు ఉన్నప్పుడు వెలుగు తగ్గితే మొక్క దాన్ని వదిలేస్తుంది, ముఖ్యంగా ఏషియాటిక్ రకాలు. 50 నెట్ తీసి 35 నెట్ వేసుకోండి, లేదా 50 నెట్టే పన్నెండు నుంచి మూడు దాకా మాత్రమే. పొగమంచు పట్టి పొద్దున్న తొమ్మిదిన్నర దాకా సూర్యుడు రాని రోజుల్లో నెట్ ఇంకా ఆలస్యంగా వేయండి, పొద్దున్న పోయిన వెలుగు మధ్యాహ్నం కాస్త పూడుతుంది.

మొగ్గ రాలడానికి వెలుగుతో సంబంధం లేని కారణం ఒకటుంది, మన దగ్గర ఇది మరీ ఎక్కువ. మగ్గేసిన అరటి గెలల దగ్గర కుండీలు పెట్టకండి. పండే అరటి పండు నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, లిల్లీ మొగ్గకి అది పడదు. వసారాలో గెల వేలాడదీసి దాని కిందే లిల్లీ కుండీ పెడితే ఎంత ఎండ చూపించినా లాభం లేదు.

6.5 మొదటి మొగ్గ రంగు తిరిగాక. ఇప్పుడు నీడలోకి తెచ్చేయండి. 10, 15 శాతం వెలుగు చాలు. పువ్వుకి వంట పని లేదు, ఎండలో ఉంటే రంగు వెలిసి రెండు మూడు రోజుల్లో వాడిపోతుంది, చల్లటి నీడలో ఎక్కువ రోజులు ఉంటుంది. గుమ్మం దగ్గర, హాల్లో ఎక్కడైనా పెట్టుకోండి. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం లోపలికి తేవొద్దు. ఈ లిల్లీల ఆకు, పువ్వు, పుప్పొడి, చివరికి వాజ్‌లో నీళ్లు కూడా పిల్లి కిడ్నీలని పాడు చేసి ప్రాణం తీస్తాయి.

7. తుపాను పట్టినప్పుడు

నవంబర్, డిసెంబర్‌లో బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే మనకి నాలుగైదు రోజులు ముసురు. ఈ రోజుల్లో నెట్ పూర్తిగా తీసేయాలి, ఎలాగూ మేఘమే పెద్ద నెట్. గాలికి నెట్ చిరిగి బాదులు పడిపోయే గోల కూడా తప్పుతుంది.

అయితే ముసురు తగ్గిన మర్నాడు ఎండ ఫెళ్లున కాస్తుంది చూడండి, అసలు నష్టం అప్పుడే. నాలుగు రోజులు మబ్బులో పెరిగిన లేత ఆకుకి కాల్షియం సరిగ్గా అంది ఉండదు, ఒక్కసారి ఎండ, వేడి తగిలేసరికి కొస ఆకుల్లో లోపలి వైపు గోధుమ రంగు మచ్చలు పడి వంకరపోతాయి. ఓరియంటల్ రకాల్లో, పెద్ద దుంపల్లో ఇది ఎక్కువ. దీన్ని తెగులనుకుని మందు కొడతారు, ఉపయోగం లేదు.

ముసురు తగ్గాక:
- మొదటి రోజు పొద్దున్న తొమ్మిది నుంచే 50 నెట్, రెండో రోజు పది నుంచి, మూడో రోజు మామూలు పద్ధతి.
- కుండీలో నిలిచిన నీరు ఒంపేయడం.
- ఆకుల మీద తడి పొద్దున్నే ఆరేలా కుండీల మధ్య జానెడు ఎడం.
- గుడ్డు ఆకారంలో గోధుమ మచ్చలు కింది ఆకుల మీద కనపడితే అది బూజు తెగులు. ఆ ఆకులు తీసి పారేసి, గాలి ఆడేలా చూడండి. మూసేసిన నీడ, తడి రెండూ కలిస్తేనే ఇది పెరుగుతుంది.

8. మొక్కని చూసి తెలుసుకోవడం

నీడ ఎక్కువైంది అనడానికి గుర్తులు:
- ఆకుల మధ్య దూరం పెరగడం, కాండం ఒక పక్కకి వాలడం
- ఆకు ముదురు రంగులో ఉన్నా పల్చగా, మెత్తగా వేలాడటం
- కింది ఆకులు మొగ్గ రాకముందే పసుపెక్కడం
- మొగ్గ చిన్నగా ఉండగానే పాలిపోయి తొడిమ దగ్గర ఊడిపోవడం

వీటిలో మొదటి రెండూ కనపడినప్పుడే వెలుగు పెంచితే మొగ్గలు దక్కుతాయి. సాగిపోయిన కాండం మళ్లీ పొట్టిగా అవ్వదు, వెదురు పుల్ల కట్టండి. నాలుగో గుర్తు కనపడ్డాక రాలినవి రాలినట్టే, పైన ఇంకా చిన్న మొగ్గలుంటే వాటికైనా వెలుగు ఇవ్వండి.

ఎండ ఎక్కువైంది అనడానికి గుర్తులు:
- ఆకులు లేత పసుపాకుపచ్చగా మారి పైకి ముడుచుకోవడం
- ఎండ తగిలే వైపు మాత్రమే తెల్లటి, కాయితంలాంటి మచ్చలు
- మొక్క పొట్టిగా ఆగిపోయి తొందరగా మొగ్గ వేయడం
- మట్టి తడిగా ఉన్నా మధ్యాహ్నం వాడి, సాయంత్రం లేవడం

ఆఖరిది చూసి చాలామంది నీళ్లు పోస్తారు. మట్టిలో వేలు పెట్టి చూడండి, తడి ఉంటే నీళ్లు కాదు కావాల్సింది, పడమర కర్టెన్.

ఆకు పాలిపోయినా ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఎండ కాదు, ఇనుము అందకపోవడం. నీళ్లలో సున్నం ఎక్కువున్న చోట్ల ఇది వస్తుంది, చీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా తీసుకునే రూపంలో ఉన్న ఇనుము) పిచికారీ చేస్తే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి.

9. నాటేముందు చెక్‌లిస్ట్

- లిల్లీ రకం తేలిందా?
- పొద్దున్న తొమ్మిది, మధ్యాహ్నం పన్నెండు, మూడు గంటల వెలుగు కొలిచి రాసుకున్నారా?
- చెట్టు, గోడ, నెట్ మూడూ గుణిస్తే కనీసం 40 శాతం మిగులుతోందా?
- పడమర కర్టెన్ ఉందా, తూర్పు ఖాళీగా ఉందా?
- నెట్ జరుగుతోందా?
- కుండీ పక్కలకి ఎండ తగలకుండా ఉందా?
- దగ్గర్లో అరటి గెల లేదు కదా?

10. పూత అయ్యాక

వాడిన పువ్వు మాత్రమే తుంచండి, కాండం, ఆకులు వదిలేయండి. దుంప మళ్లీ బలపడాలంటే ఆకులు ఇంకో నెలా నెలన్నర పనిచెయ్యాలి, అంటే మళ్లీ పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ. మార్చి వచ్చేసరికి పదింటికే 50 నెట్, రెండో వారం దాటాక దాని మీద 35 కూడా. ఆకులు వాటంతట అవే ఎండాక దుంప తవ్వి తీసి, తడిపి పిండిన కోకోపీట్‌లో పెట్టి, కన్నాలు పెట్టిన కవర్లో వేసి ఫ్రిజ్ కింది అరలో ఉంచాలి. గడ్డకట్టే చోట వద్దు, పళ్ల పక్కన వద్దు. మళ్లీ పూయాలంటే దానికి కనీసం రెండు నెలల చలి కావాలి, మనకైతే నవంబర్ దాకా ఉంచాల్సిందే.

నిజం చెప్పాలంటే మన డెల్టాలో రెండో ఏడు పూత మొదటి ఏడంత రాదు. మార్చి వేడికి ఆకులు త్వరగా ఎండిపోతాయి, దుంప చిన్నదవుతుంది. అమ్మకానికి పెంచేవాళ్లు ప్రతి ఏడూ కొత్త దుంపలు తెచ్చుకోవడమే లాభం. సరదాకి పెంచేవాళ్లు దాచుకోవచ్చు, కాకపోతే కవర్ మీద పేరు రాసి ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి, చూడ్డానికి వెల్లుల్లి గడ్డలా ఉంటుంది, ఎవరైనా వలిచి పోపులో వేసేయగలరు.